నోట గులకరాయి పెట్టుకున్న నాయకుడు

నల్లమల అడవిలో ఒక వాగు ఒడ్డున, రెండు పెద్ద బండల మధ్య గుహలాంటి సందు చేసుకుని రేసుకుక్కల గుంపు ఒకటి బతికేది. రేసుకుక్క అంటే ఊరకుక్క కాదు. ఒళ్లంతా ఎర్రగా, తోక నల్లగా ఉండే అడవికుక్క. అది ఊరకుక్కలా మొరగదు, ఈల వేసి తనవాళ్లను పిలుస్తుంది. ఒంటరిగా వేటకు పోదు. గుంపుగా కలిసికట్టుగా కదిలితే తమకన్నా ఎన్నో రెట్లు బరువుండే కణితిని, అంటే పెద్ద కొమ్ముల అడవి దుప్పిని కూడా పడగొడతాయి. గుంపు చెదిరిందా, కుందేలు కూడా దక్కదు.

ఆ గుంపులో పెద్దవాళ్లు తొమ్మిది మంది. అప్పుడప్పుడే గుహ బయటికి తొంగిచూస్తున్న పిల్లలు ఐదుగురు. ఆరేళ్లుగా వాళ్లందరినీ నడిపించింది ఓబులమ్మ. ఆ వేసవిలో ఒక కణితి తన్నిన తన్నుకు ఆమె తుంటి విరిగింది. నడవగలదు గానీ పరుగెత్తలేదు. ఒకరోజు అందరినీ పిలిచి, "ఇంక నాతో కాదు. మీలో ఒకరు పెద్దరికం తీసుకోండి" అంది.

అందరూ కెంపన్న వైపు చూశారు. చూడరా మరి! పది వేటల్లో ఏడింటికి మొదట పన్ను దించేది అతనే. అతని కాళ్ల వేగానికి సాటి ఆ అడవిలో లేదు. పైగా మంచివాడు. పిల్లలు తిన్నాకే తాను తినేవాడు.

పెద్దరికం చేతికొచ్చాక కెంపన్న ఒక్క క్షణం ఊరుకోలేదు. వేటకు కదిలితే చాలు, ఈల మీద ఈల. నువ్వు ఎడమకు పో, నువ్వు ఆగు, నువ్వు వెనక్కి రా. అందరికీ అతనే చెప్పాలి. చెప్పి, తానే ముందు పరుగెత్తాలి. పరుగెత్తి, తానే కరవాలి.

గుంపులో మద్దిలేటి అని ఒకడుండేవాడు. మాట తక్కువ, ముక్కు చురుకు. ఒకనాడు వేట మధ్యలో అతను కెంపన్న పక్కకు వచ్చాడు.

"అన్నా, గాలి తిరిగింది. మన వాసన దుప్పులకు పోతాంది. వాగులో దిగి పోదామా?"

"నేను నిలబడమన్న చోట నిలబడు మద్దిలేటీ. మిగతాది నేను చూసుకుంటా."

దుప్పులు పోయాయి. సాయంత్రం కెంపన్న రొప్పుతూ గుహ ముందు కూలబడి, "ఒక్కరికీ ఒళ్లు వంగదు. అన్నీ నేనే చేయాల" అన్నాడు. మద్దిలేటి ఆ మాట విన్నాడు. ఆ తర్వాత గాలి గురించి మళ్లీ ఎప్పుడూ నోరెత్తలేదు.

ఇంకొకనాడు పిల్లల తల్లి సుంకులమ్మ గుహ దగ్గర ఏదో వాసన పసిగట్టి, పిల్లలను వదిలి రావడానికి తటపటాయించింది. కెంపన్న మూడుసార్లు ఈల వేశాక గానీ రాలేదు. వచ్చీ రాగానే అతను ఆమె చెవి కొరికాడు. చెవి అంచు తెగింది. "ఈల వినబడితే రావాల. అంతే" అన్నాడు. ఆ తర్వాత సుంకులమ్మ మొదటి ఈలకే వచ్చేది.

ఎదురుగా ఉన్న కొండచరియ మీద ఒక చిరుత కాపు కాసింది. రోజూ ఈ గుంపును చూసేది. ఎనిమిది రోజులు చూశాక దానికి ఒక సంగతి అర్థమైంది. వేటకు పోయే ఎనిమిది కుక్కలూ తమ ముందున్న అడవిని చూడటం లేదు. ఏడు కుక్కలు ముందు పరుగెత్తే ఆ ముదురు ఎర్రవాడి మూతినే చూస్తున్నాయి. వాడిని ఎటు లాగితే గుంపంతా అటే.

మర్నాడు పొద్దున గాలి వాటంగా ఉన్నప్పుడు అది చచ్చిన దుప్పి పేగులను నోట కరుచుకుని దూరపు వాలు మీద ఈడ్చింది. వాసన గుహదాకా వచ్చింది. రెండు రోజులుగా వేట లేదు. కెంపన్న లేచి నిలబడి అందరికీ ఈల వేశాడు.

సుంకులమ్మ గుహ ముందు నిలబడి, "కెంపన్నా, నేను..." అంది.

మళ్లీ ఈల.

ఆమె పిల్లలను మూతితో లోపలికి నెట్టి, గుంపు వెనక పరుగెత్తింది. ఓబులమ్మ అప్పుడు అక్కడ లేదు. తుంటి నొప్పికి చల్లగా ఉంటుందని రోజూ ఆ వేళకు వాగు దిగువన తడి ఇసుకలో పడుకునేది.

వాలు మీద గుంపుకు దొరికింది ఈగలు ముసిరిన పేగులే. తిరిగొచ్చేసరికి గుహలో పిల్లలు నలుగురే ఉన్నారు. బండ మీద నెత్తుటి చార ఒకటి కొండచరియ వైపు పోయింది.

సుంకులమ్మ ఆ చారను చివరిదాకా వాసన చూసి వెనక్కి వచ్చింది. కెంపన్న ఏం చేయాలో తోచక ఆమె మీదే అరిచాడు.

"పిల్లలను ఒదిలిపెట్టి నువ్వెందుకు వచ్చినావు?"

"నువ్వు పిలిచినావు" అంది సుంకులమ్మ. గొంతులో కోపం కూడా లేదు. "పోయిన వారం రానందుకు చెవి కొరికినావు. ఈసారి వచ్చినా."

కెంపన్న తల దించుకున్నాడు. గుంపును దాటుకుని వాగు దిగువకు, ఓబులమ్మ దగ్గరికి పోయాడు.

"అవ్వా, ఈ పెద్దరికం నాకొద్దు. ఇంకెవరికన్నా ఇయ్యి."

ఓబులమ్మ ఓదార్చలేదు. తిట్టనూ లేదు. ఇలా అడిగింది. "సుంకులమ్మ గుహ దగ్గర ఏం వాసన పట్టింది?"

"తెలీదవ్వా."

"ఆ పేగుల వాసన వచ్చినప్పుడు మద్దిలేటి ఏమనుకున్నాడు?"

"తెలీదు."

"నువ్వు నిలబెట్టకుంటే వాడంతట వాడు యాడ నిలబడేవాడు?"

"అడగలేదవ్వా" అన్నాడు కెంపన్న.

ఓబులమ్మ కుంటుతూ నీళ్లలోకి దిగి, గోళీ అంత గులకరాయి ఒకటి నోట కరుచుకొచ్చి అతని ముందు పెట్టింది.

"మూడు వేటలకు ఇది నోట్లో పెట్టుకో. గుహ దగ్గర కూచున్నప్పుడు తీసి మాట్లాడు. వేటకు కదిలినాక మళ్లీ వచ్చేదాకా తీయొద్దు."

"ఈల ఎట్ల వేసేది?"

"వేయొద్దు."

"కరిచేది?"

"కరవొద్దు."

"మరి నేను చేసేదేముంది?"

"చూడు. ఎవరు ఏం చేస్తారో చూడు. వచ్చినాక అడుగు. నువ్వు చెప్పొద్దు, అడుగు."

"వేట పోతే? పిల్లోళ్లు ఆకలికి ఏడిస్తే?"

ఓబులమ్మ కుంటుతూ వచ్చి అతని పక్కన కూలబడింది. "ఏడుస్తారు. ఆ ఏడుపు నువ్వూ వినాల, నేనూ వినాల. బాగా పరుగెత్తుతావని నిన్ను పెద్దను చేసి, పెద్దరికం ఎట్ల చేయాల్నో చెప్పకుండా నేను ఈ ఇసుకలో పడుకున్నా. పోయిన బిడ్డ పాపంలో నాకూ పాలుంది కెంపన్నా."

ఆ రోజు నుంచి ఆమె వాగుకు పోవడం మానేసింది. గుహ లోపల, పిల్లలకు అడ్డంగా పడుకునేది.

మొదటి వేట ఘోరంగా పోయింది. దుప్పుల మంద ఎదురుగా కనబడింది. ఎనభై అడుగుల దూరంలో అందరూ ఈల కోసం ఆగారు. ఈల రాలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకునేలోగా మంద మాయమైంది. కెంపన్న ఈల వేయబోయి ఆగాడు. రెండుసార్లు రాయి జారవిడిచాడు, రెండుసార్లూ వంగి మళ్లీ నోట పెట్టుకున్నాడు. "బిడ్డ పోయిన దిగులుకు మతి చెడింది" అని గుంపులో గుసగుసలాడారు. ఆ సాయంత్రం నలుగురు పిల్లలూ ఆకలికి కుయ్యిమంటుంటే కెంపన్న చెవులు మూసుకోలేదు. అక్కడే కూచుని విన్నాడు.

రెండో వేటలో కూడా ఈల రాలేదు. ఈసారి మద్దిలేటి కాసేపు ఎదురుచూసి, ముక్కు పైకెత్తి గాలి చూసి, ఎవరినీ అడక్కుండా వాగులోకి దిగాడు. అతన్ని చూసి ఇద్దరు వెనకే దిగారు. మిగిలినవాళ్లు గట్టు మీదనుంచి మందను కదిలించారు. దుప్పులు వాగు వైపు పరుగెత్తాయి, ఒకటి నేరుగా మద్దిలేటి పళ్లకు చిక్కింది. కెంపన్న వెనక నిలబడి అంతా చూశాడు. మద్దిలేటి కాళ్లు తనంత వేగం కాదు. కానీ దుప్పి ఎటు తిరుగుతుందో అది తిరగకముందే అతనికి తెలుస్తోంది. ఇన్నేళ్లు పక్కపక్కనే వేటాడి ఈ సంగతి తాను గమనించనే లేదు.

గుహ దగ్గర రాయి తీసి కింద పెట్టి కెంపన్న అడిగాడు. "మద్దిలేటీ, వాగులోకి ఎందుకు దిగినావు?"

మద్దిలేటి అనుమానంగా చూశాడు. తిడతాడేమో అనుకున్నాడు. తిట్టలేదు. మెల్లగా గాలి సంగతి, దుప్పుల అడుగుల సంగతి చెప్పాడు. కెంపన్న మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. తర్వాత సుంకులమ్మ వైపు తిరిగాడు.

"నీ చెవి కొరికిన పొద్దు గుహ దగ్గర నువ్వు పట్టిన వాసన ఏంది?"

"చిరుతది" అంది ఆమె. "ఎదుటి చరియ మీద కాపుంటాది. చెప్పబోయినా. నువ్వు ఈల వేసినావు."

కెంపన్నకు ఆ మాట చెవి తెగినంత నొప్పి పెట్టింది.

చరియ మీద చిరుత ఇదంతా చూస్తూనే ఉంది. మాటలు వినబడలేదు గానీ ఈలలు లేవన్నది తెలిసింది. ఎర్రవాడు దిగులుతో నీరసించాడు, గుంపుకు పెద్దదిక్కు పోయింది అనుకుంది. మూడు రోజుల తర్వాత మళ్లీ పేగులు తెచ్చి దూరపు వాలు మీద ఈడ్చింది.

వాసన వచ్చింది. అందరూ కెంపన్న వైపు చూశారు. అతని కాళ్లు అప్పటికే లేచాయి. గొంతులో ఈల తిరుగుతోంది. అతను వంగి గులకరాయి నోట పెట్టుకుని మళ్లీ కూచున్నాడు.

ఇక మాట్లాడాల్సింది వాళ్లే.

"ఇది ఆ పొద్దు వాసనే" అంది సుంకులమ్మ.

"కొత్త నెత్తురు వాసన లేదు. ఊరికే పేగులు" అన్నాడు మద్దిలేటి. "మనం అటు పోతే అది ఇటు దిగుతాది."

"పోదాం. పోయినట్టే పోదాం." సుంకులమ్మ లేచి నిలబడింది. "ఐదుగురు ఈలలు వేసుకుంటా వాలు మీదికి పోండి, దుమ్ము లేవాల. మద్దిలేటీ, నువ్వు వాగులో తిరిగి చరియ కిందికి రా. నేను మీతో పొదలదాకా వచ్చి ఆగిపోతా." తర్వాత ఒక్క క్షణం తడబడి కెంపన్నను చూసింది. "నువ్వు వాగు సందులో, ఆ ఇరుకు దారికి అడ్డంగా నిలబడు. అది పారిపోతే అటే పోవాల. ఏం జరిగినా ఆ చోటు ఒదలొద్దు."

పెద్దరికం వచ్చాక కెంపన్నకు ఎక్కడ నిలబడాలో ఇంకొకరు చెప్పడం అదే మొదలు. తల ఊపి పోయి నిలబడ్డాడు.

దూరంగా ఈలలు మోగాయి, దుమ్ము లేచింది. చిరుత చరియ దిగి తాపీగా గుహ దగ్గరికి వచ్చింది. లోపలికి తల పెట్టింది. తుంటి విరిగినా ఓబులమ్మ పళ్లు విరగలేదు. చిరుత ముక్కును దొరకబుచ్చుకుంది. అది గింజుకుని బయటపడేసరికి పొదల్లోంచి సుంకులమ్మ వేసిన ఈల అడవంతా మోగింది.

చిరుత వాగు సందు వైపు దూకింది. అక్కడ కెంపన్న. అతని ఒళ్లంతా ముందుకు దూకమంటోంది. దూకితే సందు ఖాళీ అవుతుంది, చిరుత పక్కనుంచి జారిపోతుంది. అతను దూకలేదు. నోట్లోని రాయి ఎప్పుడు పడిపోయిందో తెలియదు, పళ్లు బయటపెట్టి నిలబడ్డాడంతే. చిరుత వెనక్కి తిరిగింది. వాగులోంచి మద్దిలేటి, వాలు మీదనుంచి ఐదుగురూ వచ్చేశారు. ఇక దానికి దారి లేదు. తోక చివర మద్దిలేటి పళ్లకు వదిలేసి, పక్కనున్న మద్దిచెట్టు ఎక్కింది.

చెట్టు చుట్టూ వంతులు వేసుకుని కూచున్నారు. ఎండ నెత్తికెక్కింది. చిరుత నాలుక బయటపెట్టి అడిగింది.

"మీలో పెద్ద ఎవరు? ఆ ఎర్రవాడు ఈల వేస్తాడని నా చెవులు అటే పెట్టుకున్నా. ఒక్కటీ వేయలేదు."

"నువ్వు అటే పెట్టుకుంటావని తెలుసు" అంది సుంకులమ్మ. "వీళ్లందరూ కూడా మొన్నటిదాకా అటే పెట్టుకున్నారు."

రెండు రోజులు అది కొమ్మ మీదే ఆకలితో, దాహంతో మాడింది. మూడో పొద్దున గుంపు కాస్త తొలగి దారి ఇస్తే తోక ముడుచుకుని దిగి కొండ దాటిపోయింది. ఆ వాగు వైపు మళ్లీ రాలేదు.

ఆ సాయంత్రం సుంకులమ్మ పిల్లలను నాకుతూ గుహ ముందు పడుకుని ఉంది. కెంపన్న వచ్చి కొంచెం దూరంలో నిలబడ్డాడు.

"చెవి కొరికింది నేను. ఆ పొద్దు పిలిచిందీ నేనే. తప్పు నాది సుంకులమ్మా."

"ఔ. నీదే" అంది ఆమె. పిల్లను నాకడం ఆపలేదు. తల ఎత్తకుండానే మళ్లీ అంది. "దుప్పులు ఇప్పుడు పై మడుగులో నీళ్లకు దిగుతాండాయి. నేను చూసినా."

"ఎవరెవరు యాడుంటే బాగుంటాది?"

"కూచో. చెప్తా."

కెంపన్న కూచున్నాడు.

నీతి: నలుగురిని నడిపించేవాడు ముందు ఆ నలుగురి కళ్లకు కనబడింది వినాలి.