కథ మార్చనన్న తిరువెంగమ్మ, పొగకొండ తల్లి వెలసిన వైనం

ప్లవ నామ సంవత్సరం, మాఘ శుద్ధ దశమి, గురువారం, దీపాలు పెట్టే వేళ. పొగకొండ తల్లి వెలసిన వృత్తాంతం ఆ ఘడియతోనే మొదలవుతుందని మా అత్తగారు, ఆవిడ అత్తగారు చెబుతూ వచ్చారు. నేడు బస్సు దిగి బండలబాట వెంట కొండెక్కే భక్తులకు పైన గోపురం కనబడదు. ఒక పెద్ద గుండు, దాని మీద తల్లి ముఖం, అంతే. ఎవరూ చెక్కింది కాదు.

పూర్వం ఇక్కడ ఓబుళనాయకుడనే పాళెగాడు ఏలేవాడు. తాతల నాటి కోట ముట్టడిని కథగా రాయమని మా వంశపు కోడలు తిరువెంగమ్మను ఆయనే అడిగాడు. ఆమె చదువు నేర్చిన మనిషి. చిన్నతనానే భర్త పోతే కొండ మీద మరిది ఇంట ఉండేది. కథ కోసం ఆమె దివాణానికి పోలేదు. ఇంటింటికీ పోయి, ముట్టడినాడు మీ వాళ్లు ఏం వండుకున్నారని అడిగింది.

"యుద్ధం అడుగుతావనుకుంటే కూడు అడుగుతావేమే?" అని గంగవ్వ అనే ముసలామె నవ్విందట.

"యుద్ధం దొరగారు చెబుతారులే అవ్వా. కూడు నువ్వే చెప్పాలి."

గంగవ్వ చెప్పింది. తక్కిన ఇళ్లవారూ అదే చెప్పారు. కోటలో గింజలు అయిపోయాయి. ఓబుళనాయకుడి తాత, నాటి పెద్ద దొర, వెనక దారిన దిగిపోయాడు. మిగిలిన ఆడవాళ్లు గుండుగుండుకూ పొయ్యి పెట్టి ఉత్త నీళ్లు కాచారు. అన్ని పొగలు చూసి, లోపల పెద్ద దండుకు వంట జరుగుతోందనుకుని శత్రువు డేరాలు ఎత్తేశాడు. ఆ ఆడవాళ్ల పేర్లు మాత్రం ఎవరికీ గుర్తు లేవు. తిరువెంగమ్మే నల్లక్క, సుంకులమ్మ, ముద్దవ్వ అని పేర్లు పెట్టి, వాళ్ల నోట మాటలు పలికించి, తాటాకుల మీద కథ రాసింది.

ఆ దశమి సాయంత్రం దాన్ని దొర ఎదుట చదివింది. దొర మొహం మాడింది.

"మా తాతను పారిపోయినవాణ్ణి చేశావు. కత్తి దూసి తరిమాడని మార్చు. మార్చకుంటే తెల్లవారేసరికి మీ ఇల్లు ఖాళీ చేయండి."

ఇంటికొచ్చాక మరిది బతిమాలాడు. "కథే కదా వదినా. పేర్లు ఎలాగూ కల్పించావు. ఇదీ ఒకటి కల్పిస్తే ఏం పోయింది?"

"పేర్లు దొరకలేదు గనక కల్పించాను నాయనా. పొయ్యి దొరికింది. దాన్ని ఆర్పి కత్తి పెట్టలేను" అని ఆమె మెల్లగానే అన్నది.

మరునాటి పొద్దున మా వాళ్లు సామాను సర్దలేదు. గుండు కింద మూడు రాళ్లు పేర్చి, ఎసరు పెట్టి, కథ పైకి చదువుతూ కూర్చున్నారు. గంగవ్వ తన కుండతో వచ్చింది. ఆమె వెనక ఊరి ఆడవాళ్లంతా వచ్చారు. దొర మనుషులు వచ్చేసరికి కొండంతా పొగ. మేకలు తోలుకొస్తున్న ఈరన్న గుండు వైపు చూసి నిలబడిపోయాడు. పట్టిన మసిలో తల్లి ముఖం తేలింది. కళ్లు తెరిచే ఉన్నాయి. దొర మనుషులు చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుని వెనుదిరిగారు. ఇల్లు ఖాళీ కాలేదు. కథా మారలేదు.

నేటికీ మాఘ శుద్ధ ఏకాదశి పొద్దున ఇక్కడ పొయ్యిలు వెలిగించి ఆ కథ చదువుతాం. తమ పెద్దల కథ రాయదలచినవారు ఉత్త ఎసరు పెట్టి మొక్కుకుంటారు. రాసే చెయ్యి ఎవరి మాటకూ వణకదు. సంకల్పంలో నల్లక్క, సుంకులమ్మ, ముద్దవ్వల పేర్లు చెప్పిస్తాం. లేనివాళ్ల పేర్లకు సంకల్పమేమిటమ్మా అని ఒక ఏడాది పూజారిగారు అన్నారు. అవి చెప్పందే ఎసరు దించం అన్నాం. ఆయన చెప్పారు. ఆ పేర్లతో పిలిచినవారికే తల్లి ముందుగా పలుకుతుంది.