సమరకేసరి బంగారు ఎర

ఒకానొక రాజ్యంలో ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, యుద్ధాలు మాత్రం లేవు. అందుచేత ఆ రాజ్యాన్నేలే సమరకేసరి మహారాజుకు పొద్దుపోక చేపలకు గాలం వేసే సరదా పట్టుకుంది. పేరుకి సమరకేసరే గాని, ఆయన చూసిన సమరాలన్నీ కోడిపందాలే. సరే, రాజుగారి సరదా, కాదనేదెవరు?

ఆ సంగతి ఎలా పసిగట్టాడో, ఓడ దిగిన వర్తకుడొకడు తిన్నగా కొలువుకి వచ్చి పట్టుగుడ్డ విప్పాడు. అందులో బంగారంతో చేసిన చేపపిల్ల ఉంది. కెంపుల కళ్ళు, వెండి పొలుసులు, పొట్ట కింద వాడి అయిన గాలపు ముల్లు.

"దీన్ని నీళ్ళలో వేస్తే చేపలు బారులు తీరి వస్తాయి ప్రభూ. ఇలాంటి ఎర తమవంటి వారికే తగును" అన్నాడు వర్తకుడు.

మహామంత్రి వేదగర్భుడు గడ్డం నిమురుకుని, ఎవరికీ అర్థంకాని శ్లోకమొకటి చదివి, "శాస్త్రసమ్మతమే" అని తేల్చాడు. ఒక పరగణా శిస్తంతా వర్తకుడి మూటలోకి వెళ్ళింది. వాడు ఆ సాయంత్రమే ఓడెక్కాడు.

మర్నాటి నుంచి రాజు ఊరి పక్క ఏటిలోని నీలాల మడుగు ఒడ్డున వెండి పీట వేయించుకు కూర్చున్నాడు. వెనకాల మంత్రి, పక్కన తాంబూలం అందించే మాచన. ఎర నీళ్ళలో తళతళలాడింది. చేపలు వచ్చాయి, చూశాయి, తమ దారిన తాము పోయాయి. అవతలి ఒడ్డున పల్లెకారుల నూకాలు వానపాము గుచ్చి గాలం వేస్తే పూట తిరక్కుండా తట్ట నిండింది. రాజు ముఖం కందగడ్డలా చేసుకున్నాడు.

"ఎరలో లోపం లేదు ప్రభూ" అన్నాడు వేదగర్భుడు. "ఈ పల్లెకారులు పెట్టే వానపాములు తిని తిని చేపల నోళ్ళు పాడయ్యాయి. అలాంటి నోటికి బంగారం రుచిస్తుందా?"

రాజుకి ఈ మాట చల్లగా తాకింది. బంగారు ఎరకి చేప పడేదాకా మడుగులో మరెవరూ గాలం గాని, వల గాని వేయరాదని దండోరా వేయించాడు.

ఇక చూడండి పల్లెకారుల పాట్లు. మడుగే వాళ్ళకి పొలం, మడుగే గాదె. చేపలా, బంగారాన్ని ముట్టవు. ఒకనాడు ఓ కప్ప ఎక్కి కూర్చుంటే రాజు ఆశపడి లాగాడు గాని, అది కూడా దూకిపోయింది.

చివరికి నూకాలు వచ్చి మాచన గుమ్మంలో కూలబడింది.

"మా పొయ్యిలో పిల్లి లేవటంలేదు బాబయ్యా. పిల్లలు గంజికేడుస్తున్నారు. రాజుగారి పక్కనుండేది మీరు. ఒక్క మాట చెప్పండి."

మాచన సరేనని ఆమెను పంపాడు. కానీ ఏమని చెప్పాలి? "ప్రభూ, మీరు మోసపోయారు" అన్నవాడి తల మెడ మీద నిలుస్తుందా? తన ఇంట్లోనూ కొరమేను పులుసు మాట మరిచి చాలా రోజులైంది. ఆ బాధ కూడా ఉంది, దాచడమెందుకు.

మర్నాటి పొద్దున కోటలో, మంత్రి ఇంకా కొలువుకి రాకముందు, ఆకు చుట్టి ఇస్తూంటే రాజే అడిగాడు. "నిజం చెప్పు మాచనా. ఈ ఎరకి పోసిన సొమ్మంతా దండగేనా?"

"ఎంత మాట ప్రభూ. తమరిచ్చింది తక్కువే. దీన్ని మించిన ఎర లోకంలో లేదు. వేసిన చోటే తప్పు."

"మరెక్కడ వెయ్యాలి?"

"ఒక్క పూట నా చేతికివ్వండి. పెద్ద చేపను పట్టి తమ కళ్ళ ముందు పెడతాను. పడితే మడుగు పల్లెకారులకి వదిలెయ్యండి. పడకపోతే కట్టుబట్టలతో రాజ్యం దాటి పోతాను."

రాజు సరేనన్నాడు. మాచన ఆయన్ని మేడ మీదికి తీసుకెళ్ళి, కొలువుకూటానికి పోయే చీకటి నడవ పైన కూర్చోబెట్టి, గాలపు కర్రకి సన్నని పట్టుదారం కట్టి ఎరను నేల మీదికి దించాడు.

"ఇక్కడ నీళ్ళేవిరా?"

"ఈ చేపకి నీళ్ళతో పని లేదు. కాస్త మాట్లాడకండి ప్రభూ, బెదురుతుంది."

మొదట పూలబుట్టతో ఓ దాసి వచ్చింది. ఎరను చూసి, "రాజుగారి సొత్తు, మనకెందుకొచ్చిన గొడవ" అనుకుంటూ చుట్టు తిరిగి పోయింది. మాచన గుండెలో రాయి పడింది.

అంతలో కిర్రుచెప్పుల చప్పుడైంది. వేదగర్భుడు వచ్చాడు. ఎరను చూసి ఆగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, చెప్పు సవరించుకుంటున్నట్టు వంగాడు. లేచేసరికి ఎర రొంటిలో ఉంది.

మాచన కర్ర ఎత్తాడు. ముల్లు పంచెకి తగులుకుంది. మంత్రి ముందుకి, పంచె వెనక్కి. ఊడిపోతున్న పంచెను రెండు చేతులా పట్టుకుని గిరగిరా తిరిగాడు. తిరిగినకొద్దీ దారం చుట్టుకుంది. తల ఎత్తి చూస్తే పైన మహారాజు.

"తమ సొత్తు నేల మీద పడి ఉంటే... భద్రపరుద్దామని ప్రభూ..."

"రొంటిలోనా?" అన్నాడు రాజు.

"అది... శాస్త్రసమ్మతమే ప్రభూ."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఎంత పెద్ద చేపను పట్టావురా మాచనా!"

"ఇది రెండోది ప్రభూ."

"మరి మొదటిది?"

మాచన తల వంచుకుని ఆకుకి సున్నం రాయసాగాడు. రాజు నవ్వు ఆగిపోయింది. ఓడ దిగిన వర్తకుడు, పట్టుగుడ్డ, "తమవంటి వారికే తగును" అన్న మాట, ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి.

"ఓరి నీ తెలివి కూలా, నేనేనన్నమాట" అని, రాజు ఇందాకటి కంటే గట్టిగా నవ్వాడు. అప్పుడుగాని మాచన ఊపిరి పీల్చుకోలేదు.

ఆ పూటే మడుగు మీది ఆంక్ష పోయింది. పల్లెకారులు పస్తులున్నన్నాళ్ళకీ వేదగర్భుడి గాదె నుంచి బియ్యం కొలిపించారు. రాజు మాచన చేతికి తన కడియం తొడిగి, "ఆ ఎర కూడా నువ్వే తీసుకో" అన్నాడు.

"కడియం చాలు ప్రభూ. ఎర ఇంట్లో ఉంటే నేనూ పడతాను."

మర్నాడు రాజు వెండి పీట లేకుండా మడుగు ఒడ్డుకి వెళ్ళి నూకాలును ఒక వానపాము అడిగాడు. ఇచ్చింది గాని, "గుచ్చుకోవడం తమరే గుచ్చుకోవాలి ప్రభూ" అంది. వేలెడంత పరిగ ఒకటి పడింది. రాజు దాన్ని ఏనుగు మీద పెట్టి ఊరంతా తిప్పించాడు. ఆ రాత్రి మాచన ఇంట కొరమేను పులుసు ఉడికింది.

బంగారు ఎరను రాజు సింహాసనానికి ఎదురుగా వేలాడదీయించాడు. ఆ తర్వాత ఏ వర్తకుడైనా మూట విప్పి "ఇది తమవంటి వారికే తగును" అన్నాడంటే, రాజు ఒకసారి ఎర వంక చూసి, "మాచనా, నేను పడకముందే ఈయనకి తాంబూలమిచ్చి సాగనంపు" అనేవాడట.