మూఢంలో మహారాజు

"'కాబోయే మహారాజు వేంచేస్తున్నారహో' అన్నావా, లేదా?"

"అన్నాను ప్రభూ."

"ముందు ఆ తోకెందుకురా? మహారాజు అంటే నీ నోరు అరిగిపోతుందా?"

"ఇంకా అవలేదు కదా ప్రభూ," అన్నాడు కొమ్మన తల దించుకునే.

ఏనుగు ఈ చివర ఘీంకరిస్తే ఆ చివర కుక్కలు మొరిగేంత చిన్న రాజ్యం అది. పాత రాజుగారు పిల్లల్లేకుండా పోతే, పెద్దలు కూర్చుని ఆయన మేనల్లుణ్ణి ఎంచుకున్నారు. పేరు మార్తాండదేవుడు. ఎక్కడో పైదేశంలో పెరిగినవాడు. తీరా పట్టం కడదామనేసరికి మూఢం వచ్చిపడింది. మూఢంలో పెళ్ళే చెయ్యరు, పట్టాభిషేకం ఎవరు చేస్తారు? మూఢం పోయేదాకా ఆయన కాబోయే మహారాజు. అంతే. కొమ్మన ఆ కొలువులో వంది. పాలించేవాడు లోపలికొస్తుంటే ఎవరొస్తున్నారో కేకేసి చెప్పడం అతని పని. అతని తాతలదీ అదే పని.

ఆ పొద్దున పొరుగు దేశం రాయబారి వచ్చాడు. కొమ్మన కేక విని, "ఓహో! మరి ఈయన కూర్చోబోయే గద్దె ఏదీ?" అన్నాడు. సభలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు మార్తాండదేవుడికి అరికాల్లో ముల్లులా దిగింది.

"రేపు నిండు కొలువులో మహారాజు అని పిలుస్తావు. పిలవకపోతే పొద్దుగూకేలోగా పెళ్ళాన్ని తీసుకుని పొలిమేర దాటతావు," అన్నాడు.

"దానికి నెలలు నిండాయి ప్రభూ."

"అయితే మెల్లిగా నడిపించు."

కొమ్మన బయటికొచ్చాడు. మెట్ల మీద తిప్పన కూర్చుని చెరుకు నములుతున్నాడు. పాత రాజుగారిని నవ్వించడమే అతని ఉద్యోగం. ఆయన పోయాక అడిగేవాడు లేక, తింటం, పడుకోవటం.

"ఏరా కొమ్మా, మొహం వేలాడేశావేం?"

కొమ్మన అంతా చెప్పాడు. "పిలవకపోతే ఈయన తరిమేస్తాడు తిప్పన్నా. పిలిస్తే పెద్దలు ఊరుకుంటారా? అభిషేకం కానివాణ్ణి మహారాజంటే నాలుక మీద వాత పెడతారు. తాతల నాటి కట్టుబాటు."

తిప్పన చెరుకు పిప్పి ఉమ్మేశాడు. "పిచ్చిమారాజు. కాబోయే అల్లుడికి జరిగే మర్యాద అయిన అల్లుడికి జరుగుతుందిట్రా? పెళ్ళికి ముందు మా అత్త అరిసెలు నేతిలో ముంచి పెట్టేది. పెళ్ళైన మూడో నాడు, బర్రెకి కుడితి పెట్టి రా నాయనా అంది."

"నవ్వే ఓపిక లేదన్నా."

"సరే, తొలికొలువు సంగతి ఆయనకెవరైనా చెప్పారా?"

"పెద్దలు చెప్పబోయారు. మీ పల్లెటూరి ఆచారాలు నాకొద్దని లేచిపోయాడు."

"అయితే రేపు గొంతు చించుకుని పిలు. జనం సంగతి నేను చూస్కుంటా," అన్నాడు తిప్పన, చెరుకు గడ భుజాన వేసుకుని ఊళ్ళోకి పోతూ.

మర్నాడు సభలో నిలబడటానికి చోటు లేదు. జనం వాకిలి దాటి వీధి మలుపుదాకా నిలబడ్డారు. పెద్దల్లో పెద్దవాడు గంగప్ప పక్కనే నిప్పుల కుంపటి పెట్టుకుని, అందులో ఇనప గరిట గుచ్చి కూర్చున్నాడు. గరిటని అటూ ఇటూ తిప్పాడు. కొమ్మన కళ్ళు మూసుకుని కేకేశాడు.

"మహారాజు వేంచేస్తున్నారహో!"

మార్తాండదేవుడు రొమ్ము విరుచుకుని వచ్చి గద్దె మీద కూర్చున్నాడు. గంగప్ప గరిట పట్టుకుని లేచాడు. తిప్పన అడ్డం వచ్చాడు.

"ఆగు పెద్దయ్యా, వాత ఎక్కడికీ పోదు. మహారాజని పిలుపు పడి, ఆయన గద్దె కూడా ఎక్కారు. ముందు తొలికొలువు జరగద్దూ?"

గంగప్ప ఆలోచించి, నిజమేనని కూర్చున్నాడు.

"ఏమిటది?" అన్నాడు మార్తాండదేవుడు.

"ఏముంది మహారాజా! కొత్తగా గద్దెక్కిన రాజు, నిలవున్న తగాదాలన్నీ తీర్చేదాకా దిగకూడదు. మెతుకు ముట్టకూడదు. దిగాడా, మళ్ళీ ఎక్కే యోగం లేదు."

"ఓస్, ఇంతేనా! ఎన్నుంటాయేం?"

"పాత రాజుగారు చాన్నాళ్ళు మంచం మీదే ఉన్నారు కదా. పేరుకున్నాయి కొన్ని."

మొదట ఇద్దరు వియ్యపురాళ్ళు వచ్చారు. పెళ్ళిలో బూరెల్లో పూర్ణం తక్కువేశారని ఒకావిడ, తక్కువ కాదు, మీవాళ్ళే ఎక్కువ తిన్నారని ఇంకొకావిడ. ఆ పెళ్ళైన పిల్లకి పిల్లలు పుట్టి, వాళ్ళకీ పెళ్ళీడొచ్చింది. తగాదా మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది.

"మా బూరె కొరికితే నెయ్యి కారేదండీ!"

"కారింది నెయ్యి కాదమ్మా, మా కన్నీళ్ళు!"

వాళ్ళయ్యేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. తరవాత ఒకడు, పక్కింటివాడి కోడి అర్ధరాత్రే కూస్తే తెల్లారిందనుకుని పొలం పోయి గట్టు మీద నిద్రపోతున్నానని మొత్తుకున్నాడు. ఆ వెనక, పనసచెట్టు నాదంటే పండు నాదని అన్నదమ్ములు. వంటింట్లోంచి గుత్తివంకాయ వాసన వచ్చింది. మార్తాండదేవుడి కడుపు సభంతా వినబడేలా మూలిగింది.

"తిప్పనా, ఇంకా ఎంతమంది?" అన్నాడు మెల్లిగా.

"ఇప్పుడేగా మొదలైంది మహారాజా. ఏటవతలివాళ్ళు ఇంకా పడవెక్కలేదు."

"దిగే దారే లేదా?"

"రాజుకి లేదు. కాబోయే రాజుకైతే ఏ కట్టూ లేదు. ఆకలేస్తే తినొచ్చు, నిద్రొస్తే పడుకోవచ్చు. ఊరి తగాదాలు ఆయన్ని అంటవు. కానుకలు మాత్రం ఇప్పట్నించే వస్తాయి."

మార్తాండదేవుడు కాసేపు గద్దె చేతుల్ని నిమిరాడు. తరవాత కొమ్మన వంక చూశాడు.

"ఒరేయ్, నిన్న అన్నావే, ఆ మాట. మళ్ళీ అను."

కొమ్మనకి తన చెవుల మీద తనకే నమ్మకం కుదర్లేదు. అయినా కుంపటి కళ్ళ ముందే ఉంది. "అంటే పొలిమేర దాటించేస్తారేమో ప్రభూ."

"దాటించను."

"మరి వాత?"

"వాత పడాల్సిందే. పొద్దున మహారాజన్నాడు," అన్నాడు గంగప్ప.

"అన్నాడా? నేను వినలేదే."

"వినకపోతే పొద్దుట్నించి ఆ గద్దె మీద ఎందుకు కూర్చున్నారు బాబూ?"

మార్తాండదేవుడు ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. కడుపు ఖాళీగా ఉందేమో, ఆ నవ్వు డప్పులా మోగింది. "అన్నాడు పెద్దయ్యా! నేనే అనిపించాను. ఆ వాతేదో నా నాలుకకి పెట్టు. కాకపోతే అన్నం తిన్నాక."

సభంతా గొల్లుమంది. గంగప్ప నవ్వాపుకోలేక గరిట నీళ్ళలో ముంచాడు. చుయ్‌మంది.

"కాబోయే మహారాజు లేస్తున్నారహో!" అని అరిచాడు కొమ్మన. పుట్టాక అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు.

తిప్పనకి మార్తాండదేవుడి చేతి కంకణం దక్కింది, పాత ఉద్యోగమూ దక్కింది. కొమ్మన భార్య పురిటికి పుట్టింటికి రాజుగారి పల్లకీలో వెళ్ళింది.

మూఢం పోయింది. అభిషేకం చేసి కిరీటం నెత్తిన పెట్టారు. ఏటవతలివాళ్ళు తమ తగాదాలతో ముందు వరసలోనే ఉన్నారు. కొమ్మన ఊపిరి బిగబట్టి నోరు తెరవబోతుంటే, మార్తాండదేవుడు ఆగమని చెయ్యూపి, కిరీటంతోనే గబగబా లోపలికి పోయాడు. నిండా పులిహోర తిని, మూతి తుడుచుకుంటూ వచ్చి, "ఊఁ, ఇప్పుడు పిలు," అన్నాడు.

మరి ఆ పులిహోర తిన్నది ఎవరంటారు, మహారాజా, కాబోయే మహారాజా?