ఉడుత లాగేసిన విస్తరి

జాజివాగు అడవిలో బాటసారుల కోసం ఒక సత్రం ఉండేది. దాన్ని నడిపే ఎలుగుబంటి అవ్వ దగ్గర అతిథి మర్యాదలు నేర్చుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో జంతువులు వచ్చేవి. ఆ వానాకాలంలో ముగ్గురు శిష్యులు ఉన్నారు. మైదానం నుంచి వచ్చిన నెమలి నీలాంబరుడు, సముద్రతీరం నుంచి వచ్చిన తాబేలు, కొండ మీద నుంచి వచ్చిన చిన్న ఉడుత తురాయి.

ముగ్గురివీ మూడు పద్ధతులు. కొండ మీద వండినవాళ్లు అతిథి ఎదుటే ముందు ఒక ముద్ద తిని చూపిస్తారు. మైదానంలో అలా చేస్తే ఎంగిలి పెట్టారని అతిథి లేచిపోతాడు. తీరంలో అయితే ఇంట్లో ఏ లోపమున్నా అతిథి చెవిన పడనివ్వరు.

నీలాంబరుడికి తన పద్ధతే పద్ధతి. తురాయి ఏం చేసినా కొండ బుద్ధులంటూ ముక్కు చిట్లించేవాడు. పాపం, తురాయికి ఎప్పుడూ గుండెల్లో దడే. పనికిరానని అవ్వ పంపేస్తే అమ్మకు ముఖం ఎలా చూపించాలా అని దాని దిగులు.

ఒకరోజు అవ్వ సత్రాన్ని వాళ్లకు అప్పగించి తేనె కోసం వెళ్లింది. ఆమె అటు వెళ్లగానే మైదానం నుంచి ఒక తల్లి దుప్పి ఇద్దరు పిల్లలతో వానలో తడిసి వచ్చింది. పిల్లలు ఆకలితో నకనకలాడుతున్నారు. నీలాంబరుడు హుషారుగా అడవిలోకి వెళ్లి పుట్టగొడుగులు ఏరుకొచ్చి కూర వండాడు.

అలాంటి పుట్టగొడుగులను తురాయి ఎన్నడూ చూడలేదు. అలవాటు కొద్దీ గరిటెతో ఒక ముక్క తీసి నోటి దగ్గర పెట్టుకుంది. నీలాంబరుడు ముక్కుతో గరిటె మీద ఒక్కటి వేశాడు. అతిథుల కూర ఎంగిలి చేస్తావా, అవ్వ రానీ, నీ మూట సర్దిస్తాను అని మండిపడ్డాడు.

ముక్క నేల మీద పడింది. తురాయి ఏడుపు దిగమింగుకుని గరిటె కడుక్కొచ్చేసరికి, ఆ ముక్క చుట్టూ చేరిన చీమలు కదలకుండా పడి ఉన్నాయి.

తురాయి గబగబా నీలాంబరుడిని పిలిచి చూపించింది. వేడికి చచ్చాయి పొమ్మని అతను కొట్టిపారేశాడు. తాబేలును బతిమాలింది. తాబేలు భయంగా మెడ లోపలికి లాక్కుంటూ, అతిథుల ముందు ఇంటి గుట్టు ఎలా చెప్పమంటావు అంది.

అప్పటికే విస్తళ్లు పరిచారు. కూర వడ్డించారు. ఒకవేళ చీమలు నిజంగా వేడికే చచ్చి ఉంటే? అతిథి ముందు నుంచి విస్తరి తీసినవాళ్లను ఏ సత్రమూ ఉంచుకోదు. ఇంతలో చిన్న పిల్ల కూరలో మూతి పెట్టబోయింది.

తురాయి ఒక్క దూకు దూకి ఆ విస్తరి లాగేసింది. మిగతావీ తిరగేసింది.

"ఆకలితో వచ్చిన పిల్లల నోటి దగ్గర కూడు లాగేస్తారా? ఇదేనా మీ మర్యాద?" అంటూ తల్లి దుప్పి లేచి నిలబడింది.

నీలాంబరుడు సిగ్గుతో కుంగిపోయాడు. కూరలో విషమేమీ లేదని చూపిస్తానంటూ గిన్నె దగ్గరకు నడిచాడు.

"వద్దు నీలన్నా, నీ కాళ్లు పట్టుకుంటాను, తినొద్దు" అంది తురాయి. అతను వినలేదు. గరిటెడు కూర మింగి గర్వంగా తలెత్తాడు. కాసేపటికి ఆ తల వాలిపోయింది. గొంతు మండి, నేల మీద పడి గిలగిల కొట్టుకున్నాడు.

తల్లి దుప్పి పిల్లలను పొట్ట కిందికి లాక్కుంది.

సమయానికి అవ్వ వచ్చి ఆకు పసరు పోసింది కాబట్టి ప్రాణం దక్కింది. కానీ ఈకలన్నీ రాలిపోయి, ఆ వానాకాలమంతా అతను పురి విప్పలేకపోయాడు. మూలన కూర్చుని మిగతా నెమళ్ల నాట్యం చూశాడు.

తురాయి మాత్రం మూట సర్దుకుని అవ్వ ముందు తలవంచి నిలబడింది. అవ్వ ఆ మూట విప్పేసి, వంటిల్లు తురాయికే అప్పగించింది. ఇకనుంచి వండినవాళ్లు ముందుగా వేరే ఆకులో, వేరే గరిటెతో వేసుకుని తిని చూడాలని చెప్పింది. అలా అయితే ఎంగిలీ కాదు, అతిథికి ప్రమాదమూ ఉండదు. లోపం కనిపిస్తే అతిథికి దాచకూడదని తాబేలుకూ చెప్పింది.

మళ్లీ వానలకు దుప్పి పిల్లలతో వచ్చింది. తురాయి జాగ్రత్తగా వేరే ఆకులో తిని చూసి, తర్వాతే వడ్డించింది. మైదానంలో పుట్టి, ఎంగిలంటే ఆమడ దూరం పరిగెత్తే ఆ తల్లి, తన విస్తరిని తురాయి ముందుకు జరిపింది.

"ఇందులో కూడా ఒక ముద్ద తిను తల్లీ. నువ్వు తిన్నాకే నా పిల్లలకు పెడతాను" అంది.

నీతి: మర్యాదలు ఊరికొక తీరుగా ఉండవచ్చు, కానీ అతిథి ప్రాణం కాపాడటం కంటే గొప్ప మర్యాద ఏ ఊళ్లోనూ లేదు.