నిప్పు తెలియని మడమ

ధ్యానానికి కూర్చున్న గంటకే కేదారికి మోకాళ్ళు సలిపేవి. దేవుణ్ణి తలుచుకోబోతే మోకాళ్ళే గుర్తొచ్చేవి. తన మీద తనకే అసహ్యం వేసేది.

అతని గురువు సుబోధస్వామిది తుంగభద్ర ఒడ్డున చిన్న మఠం. కార్తీకమాసం హోమంలో ఒక నిప్పుకణిక బయటికి దొర్లితే, స్వామి చూసుకోకుండా దాని మీద మడమ మోపారు. చుర్రుమన్న చప్పుడు కేదారి విన్నాడు. స్వామి మంత్రం మాత్రం ఆగలేదు.

ఆ సంగతి వచ్చినవాళ్ళందరికీ కేదారి గొప్పగా చెప్పుకున్నాడు. చెప్పినప్పుడల్లా కణిక కాస్త పెద్దదయ్యేది.

"నొప్పిని గెలిచే ఆ స్థితి నాకెప్పుడొస్తుంది స్వామీ?" అని ఒకరోజు అడిగాడు.

స్వామి పాదుకలు తొడుక్కుని ఏటికి నడిచారు.

ఆ మఠంలో గురువు పాదాలు ఎవరూ తాకరు. పూజలన్నీ పాదుకలకే. హోమం జరిగిన మూడు వారాలకు కేదారి పాదుకలకు గంధం పూస్తుంటే, ఎడమదాని మడమ దగ్గర వేలికి చెమ్మ తగిలింది. వాసన చూశాడు. గంధం వాసన కాదు.

ఆచారం మరిచిపోయి పరుగెత్తి స్వామి పాదం పైకెత్తాడు. మడమ నల్లబడి ఉంది. మధ్యలో చీము.

"ఎప్పటినుంచి స్వామీ?"

"ఏముందక్కడ?" అన్నారు స్వామి.

కర్నూలు ఆసుపత్రిలో డాక్టరమ్మ స్వామిని కళ్ళు మూసుకోమని, పాదమంతా సన్నటి నైలాను పోగు ఆనిస్తూ "తెలుస్తోందా?" అని అడుగుతూ వచ్చింది. పోగు చీలమండ దాటేదాకా స్వామి తల అడ్డంగానే ఊపారు.

"చాలా ఏళ్ళుగా షుగరుంది, మీరు చూపించుకోలేదు. నరాలు మొద్దుబారాయి," అంది. "చీము మడమ ఎముకలోకి దిగింది. నెత్తురు బాగానే పారుతోంది కాబట్టి, కుళ్ళినంత ఎముక తీసేసి కాలు కాపాడటానికి చూస్తాను. ఇంకా ఆలస్యమైతే మోకాలి కింద తీసేయాల్సి వచ్చేది."

నిప్పు కథ ఎంతమందికి చెప్పాడో తలుచుకుని కేదారి సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆపరేషనుకు నడుము కిందికి మత్తిచ్చారు. స్వామికి సగం నిద్ర, సగం మెలకువ. తన పాదం ఒక్కటే నీళ్ళ మీద తేలుతూ పోతోంది. ఒడ్డు వెంట కేదారి దాన్ని పేరు పెట్టి పిలుస్తూ పరుగెడుతున్నాడు. పాదానికి పేరేమిటో స్వామికి వినబడలేదు. ఎక్కడో చాలా దూరం నుంచి డాక్టరమ్మ గొంతు, "కాలు దక్కింది స్వామీ," అంది.

మూడు నెలలు ఆ పాదం నేల మోపకూడదన్నారు. రోజూ తెల్లవారుజామున కేదారి చక్రాల కుర్చీలో స్వామిని ఏటి ఒడ్డుకు తీసుకెళ్ళేవాడు. మంచులో నది కనబడేది కాదు, చప్పుడు మాత్రం వినిపించేది.

ఒకనాడు కేదారి "అబ్బా" అని ఆగిపోయాడు. వట్టికాలిలో పల్లేరుకాయ దిగింది.

"క్షమించండి స్వామీ," అన్నాడు తల దించుకుని. "ఈపాటి నొప్పికే ఓర్చుకోలేకపోయాను."

"కాలు ఇటు పెట్టు," అన్నారు స్వామి, తన ఒడి చూపిస్తూ.

కేదారి వెనక్కి తగ్గాడు. స్వామి చెయ్యి చాపే ఉంచారు. చివరికి కాలు పెట్టాడు.

స్వామి ముల్లు మెల్లగా లాగి, నెత్తుటి చుక్కను పైపంచెతో తుడిచారు. మట్టి కొట్టుకున్న ఆ పాదాన్ని రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకున్నారు.

"ఈ నొప్పి నీకుండనీ నాయనా," అన్నారు.