చాదర్లు చుట్టిన దీపస్తంభం

రెండోసారి కూడా దీపస్తంభం కూలిపోయేసరికి మీరాసాకు ఏడుపొక్కటే తక్కువైంది.

సముద్రపొడ్డున ఇసుకదిబ్బ మీది దర్గాలో అతను లతీఫ్ బాబా శిష్యుడు. వేటపడవలకు దారి తెలిసేలా అక్కడ దీపం పెట్టడం బాబా గురువుల నాటి నుంచీ వస్తున్న పని. పాత స్తంభం చీకిపోతే, కొత్తది కట్టమని బాబా శిష్యుడికి అప్పగించాడు.

మీరాసా నాలుగు పొడుగాటి వెదుళ్ళు పాతాడు. వాటి మధ్య అడ్డకర్రలు, ఏటవాలు కర్రలు కొబ్బరితాళ్ళతో బిగించాడు. అంతవరకు బాగానే ఉంది. కాని దూరంగా నిలబడి చూస్తే ఎముకల గూడులా కనిపించింది. దర్గా స్తంభం ఒంటి మీద గుడ్డ లేకుండా నిలబడితే పరువేముంది? భక్తులిచ్చిన పచ్చ చాదర్లు తెచ్చి కింది నుంచి పైదాకా చుట్టాడు.

అది పడిపోతే ఇంకా లావు వెదుళ్ళు తెచ్చాడు. చాదర్లు మాత్రం మానలేదు.

ఇవాళ గాలికి అదీ పాతిన గుంటల్లోంచి పెకలించుకుని పడింది. పడవలింకా సముద్రంలోనే ఉన్నాయి. పొద్దు వాలుతోంది.

"ఓ ఫకీరయ్యా! నీ కంబం తెరచాప ఎత్తింది గదా, మా ఆయన్ని దాటి వేటకెళ్ళిపోద్దేమో!" అంది జాలరి నూకాలు. నవ్వబోయి, సముద్రం వైపు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మీరాసా ముఖం మాడ్చుకుని గురువు దగ్గరికి వెళ్ళాడు.

"ఈ వెదుళ్ళు లాభం లేదు, బాబా. తాటిదూలాలు తెప్పించండి. గాలి ఎలా తోస్తుందో చూస్తాను."

బాబా లేచి బయటికి వచ్చాడు. పడిన స్తంభం దగ్గర కూర్చుని చాదర్లు ఒక్కొక్కటే విప్పాడు. ఒకటి నూకాలు చంకలో వణుకుతున్న బిడ్డకు కప్పాడు. తక్కినవి ఒడ్డున ఎదురుచూస్తున్న ఆడవాళ్ళకిచ్చాడు.

"అవి దర్గావి, బాబా!"

"ఇప్పుడూ దర్గావే. ఆ తాడు కొస పట్టుకో."

ఆడవాళ్ళూ వచ్చి తాళ్ళు లాగారు. ఉత్త కర్రల స్తంభం లేచి నిలబడింది. గుంటలు పూడ్చి గట్టిగా తొక్కారు. మీరాసా అడ్డకర్రలే మెట్లుగా ఎక్కి గాజులాంతరు కట్టాడు. గాలి ఈల వేస్తూ కర్రల సందుల్లోంచి, అతని చెవుల పక్కనుంచి దూసుకుపోయింది. స్తంభం కాస్త మూలిగింది, అంతే.

మసక చీకట్లో మొదటి పడవ ఒడ్డు వైపు తిరిగింది. నూకాలు నీళ్ళలోకి పరుగెత్తింది.

మీరాసా దిగివచ్చి గురువు పక్కన తలవంచుకుని కూర్చున్నాడు.

"గాలిని ఆపలేకపోయాను, బాబా."

"ఆపమన్నదెవరు? దీపం నిలపమన్నాను."