రాజావారి పందెం కారు

ఏనుగులు తగ్గి మోటార్లు పెరుగుతున్న రోజుల్లో, ఒక సంస్థానంలో ఆయుధపూజ నాడు రాజావారి వాహనాలకు వంశావళి చదవడం ఆనవాయితీ. ఈసారి దొరల సీమ ఇంగ్లండు నుంచి తెప్పించిన పాత స్పోర్ట్స్ కారుకి కూడా చదవమన్నారు. ఆ పని వంశావళులు చదివే సింగరాజు నెత్తిన పడింది. సీమకు ఉత్తరాలు రాసి రాసి అతని నడుం పడిపోయింది. చివరికి తేలిందేమంటే, ఆ కారు ఏ పందెంలోనూ పరిగెత్తలేదు. ఎవరో ముసలి దొరసాని చర్చికి వెళ్ళొచ్చిన బండి అది.

"కుదరదు. సీమలో పెద్ద పందెం గెలిచిన కారు ఇదేనని చదువు. లేదా ఊరు విడిచిపో," అన్నారు రాజావారు.

సింగరాజు నిట్టూర్చాడు. "చిత్తం ప్రభూ, అలాగే చదువుతాను. కాకపోతే, గెలిచిన ఆ కారుని ఆ రాత్రే ఎవరో ఎత్తుకుపోయారట. సొంతదారు మనవలు ఇప్పటికీ వెతుకుతున్నారట. పూజకి దొరలు కూడా వస్తున్నారుగా, దొరికిందని విని సంతోషిస్తారు."

రాజావారు గొంతు సవరించుకున్నారు. "చర్చి బండే. అందరికీ వినపడేలా చదువు."

పూజ నాడు అలాగే చదివి, ఇంటికొచ్చి నడుం వాల్చాడు సింగరాజు.

"ఇంతకీ ఆ దొంగతనం నిజమేనా?" అంది భార్య.

"ఏమోనే, వెతకాలి. నాకిక ఓపిక లేదు," అంటూ అటు తిరిగి పడుకున్నాడు.